జపాన్ బొమ్మల్లో పదకొండు తుపాకులు

గుంటూరు మిర్చి యార్డుకు రెండు వీధుల అవతల, కమిషన్ వ్యాపారి సాంబయ్య గారి ముందు గదిలో ఆ శనివారం మధ్యాహ్నం ఉన్నవాళ్లు వీళ్లు: ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరు, మా ఆయుధ విభాగం అధికారి రాఘవయ్య గారు, ఆయన కింద పనిచేసే నేను, సాంబయ్య గారు, వాళ్ల అమ్మ నాగరత్నమ్మ గారు, సబ్‌జైల్లో ఉన్న పెయింటరు వీరాస్వామి భార్య మంగమ్మ. మొత్తం ఆరుగురు. ఉన్న వస్తువులు: కువైట్ నుంచి వచ్చిన వీసీఆర్ ఒకటి, దాంతోపాటే వచ్చిన కలర్ టీవీ ఒకటి, జపాన్ క్యాసెట్టు ఒకటి, వీరాస్వామి గీసిన బొమ్మల నోటుబుక్కు ఒకటి, ట్రేసింగు కాగితాలు ఇరవై నాలుగు, చెక్కిన పెన్సిళ్లు మూడు, పళ్లెం నిండా ఉల్లిపాయ పకోడీలు. మిర్చి సీజను కనక రెండు నిమిషాలకొకసారి ఎవరో ఒకరు తుమ్ముతున్నారు.

మా పని ఏమిటంటే, నక్షత్రాల మధ్య ఓడ నడుపుకుంటూ తిరిగే నీలం జుట్టు కుర్రాడి బొమ్మల సినిమా చూసి, అందులో కనిపించే ఆయుధాలు మన లోకంలో ఏ తుపాకులో తేల్చడం. అవి తేలితే వీరాస్వామి ఇంటికి వస్తాడు. తేలకపోతే రాడు.

తుపాకులు, తూటాలు పరీక్షించే సర్కారు కొలువులో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, పని ఎలా ఉంటుందో చెప్పమంటారు. ఫారాలు ఎలా నింపాలో, ప్రమోషన్లు ఎప్పుడొస్తాయో ఆఫీసులోనే చెబుతారు. నేను ఈ కేసు చెబుతాను. నా మొత్తం సర్వీసులో సంతోషంతో తల తిరిగిన కేసు ఇదే. సిగ్గుతో తల వంచుకున్న కేసు కూడా ఇదే.

పది గుర్తులు

ఎనభైల మధ్య కాలం అది. నాకు ఇరవై ఆరేళ్లు. మాది పెదకాకాని, నాన్నగారు బడిపంతులు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, లేత్ మిషను మీద చెయ్యి తిరిగినవాణ్ణని నన్ను ఈ పనికి తీసుకున్నారు. మా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా పొలాల్లో అడవిపందుల కోసం దాచుకున్న నాటు తుపాకులు, లైసెన్సు గడువు దాటిన జోడు గొట్టాల పన్నెండు బోరువి, నీళ్ల పైపుతో చేసిన పిస్తోళ్లు. కాల్చినవాడికే ముందు దెబ్బ తగిలే రకం. వాటిని పరీక్షించడానికి చదువు కన్నా ధైర్యం ఎక్కువ కావాలి.

రాఘవయ్య గారికి జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది. మామూలుగా నన్ను "ఏరా సుబ్బూ" అనేవారు. కోపం వస్తే "సుబ్రహ్మణ్యం గారండీ" అనేవారు. ఆయన 'అండీ' అన్నారంటే ఆఫీసులో అందరూ ఫైళ్లలో తలలు దూర్చేసేవాళ్లు.

ఆయన నేర్పినవి రెండు. మొదటిది పది గుర్తుల కాగితం. తూటాలు ఏ వైపు నుంచి లోపలికి వెళ్తాయి, ఖాళీ తొడుగు ఏ పక్కనుంచి బయటపడుతుంది, తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు పిడి ఏ పక్కనుంది, గురి చూసే ముక్కలు ఎక్కడున్నాయి, ఇలా పది ప్రశ్నలు. పదింటికీ జవాబు రాశాకే తుపాకీ పేరు రాయాలి. "పేరు ముందే తోచిందనుకో, నాలిక కరుచుకో. పేరు తోచాక కళ్లు పనిచెయ్యవురా" అనేవారు.

రెండోది, అడిగినదానికే జవాబు చెప్పడం. ఇది వినడానికి ఎంత చిన్న మాటో, పాటించడం అంత కష్టం. నేను మొదటిది నెలలో నేర్చుకున్నాను. రెండోదానికి ఒక మనిషి జైల్లో ఉండాల్సి వచ్చింది.

నోటుబుక్కు

సీలు వేసిన కవరులో వచ్చింది. రూళ్లు లేని నోటుబుక్కు. పదకొండు పేజీల్లో పదకొండు పెన్సిలు బొమ్మలు. బస్సులో తనిఖీ చేస్తుంటే వీరాస్వామి అనే సైనుబోర్డు పెయింటరు సంచిలో దొరికిందట. నాటు తుపాకులు చేసేవాళ్లకు ఇతను నమూనాలు గీసి ఇస్తున్నాడని ఇన్‌స్పెక్టరు గారి అనుమానం. మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ బొమ్మల్లోవి ఏ ఆయుధాలు?

మొదటి పేజీ తిప్పగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. రోకలి లాంటి గుండ్రటి పిడి, ట్రిగ్గరుకు ముందు పెట్టెలా తూటాల అర. పాతకాలపు జర్మన్ మౌజరు పిస్తోలు! దాన్ని నేను పుస్తకంలో తప్ప చూడలేదు. రెండో పేజీలో స్టెన్ గన్, తూటాలు నింపే మ్యాగజీను ఎడమ పక్కకు చెయ్యి చాచినట్టు అడ్డంగా ఉంది. మూడోది బ్రెన్ గన్, మ్యాగజీను పైన కొమ్ములా వంగి ఉంది. మ్యాగజీను నెత్తిన ఉంటే గురి చూసే దారికి అడ్డం వస్తుంది. అందుకని అసలు బ్రెన్‌కు గురి ముక్కల్ని కాస్త ఎడమకు జరిపి అమరుస్తారు. ఈ బొమ్మలో అవి జరిగే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు జిల్లా మొత్తం మీద ఎంతమంది ఉంటారు? కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాను.

నాలుగు, మధ్యకు విరిచి తూటాలు నింపే వెబ్లీ రివాల్వరు. ఐదు, గొట్టాలు కురచగా కోసిన పన్నెండు బోరు. ఆరు, మోకాలిలా పైకి మడిచే లూగరు. ఏడు, గుండ్రటి డబ్బా తగిలించిన థామ్సన్. ఎనిమిది, నెత్తిన పళ్లెం పెట్టుకున్న లూయిస్ గన్. తొమ్మిది, పైన మోసే పిడి ఉన్న ఎం-16. పది, అరటికాయ వంపు మ్యాగజీను ఏకే. పది తుపాకులకూ తలా పది గుర్తులు. నూరింటికి నూరూ సరిపోయాయి.

పదకొండోది మన పోలీసుల చేతుల్లో రోజూ కనిపించే త్రీ నాట్ త్రీ రైఫిలు. మూతి దాకా చెక్క, మొండి ముక్కు, అన్నీ సరే. కానీ బోల్టు పిడి ఎడమ పక్కనుంది. ఆ రైఫిలుకు బోల్టు కుడి పక్కనే ఉంటుంది. ఎడమ బోల్టుది మా రికార్డుల్లో ఒక్కటీ లేదు.

ఇక్కడ ఆగాలి. ఆగలేదు. పదకొండు పేర్లు రాసి, కింద ఎవరూ అడగని రెండు వాక్యాలు కలిపాను. ఒకటి: పదకొండవ ఆయుధం పుర్రచేతి వాటం గల వ్యక్తి కోసం మార్చినది కావచ్చు. రెండు: ఈ బొమ్మలు గీసిన వ్యక్తి ఈ ఆయుధాలను స్వయంగా చూసి, చేత్తో పట్టుకుని ఉండాలి.

ఎందుకు రాశానంటే, మెచ్చుకోలుగా రాశాను. అంత చక్కగా గీసినవాడికి ఒక నమస్కారం పెట్టాలనిపించింది. రిపోర్టులో నమస్కారాలు పెట్టకూడదని అప్పటికి నాకు తెలియదు.

పుర్రచేతివాళ్లు

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరు గారు ఫోను చేశారు. గొంతులో పండగ వినిపించింది.

"సుబ్రహ్మణ్యం గారూ, పద్నాలుగు మంది దొరికారండి!"

"ఎవరండీ?"

"పుర్రచేతివాళ్లండీ! మీరే రాశారు గదా. మూడు ఊళ్ల సంతలో మఫ్టీలో నిలబెట్టాను మావాళ్లని. ఎడమ చేత్తో కత్తెర పట్టే టైలరు ఒకడు. క్రికెట్టు బౌలరు ఒకడు. ఎడమ చేత్తో పత్తి తీసే ముసలమ్మ కూడా ఉందండి, ఆమెని వదిలేయమంటారా?"

"వదిలేయండి," అన్నాను. ఆ మాటతో ముసలమ్మను కాపాడాననుకుని కాసేపు సంతోషించాను కూడా. మిగతా పదమూడు మంది సంగతి నాకు తట్టనే లేదు.

"ఆ పెయింటరుగాడు ఏమంటున్నాడో తెలుసా? టీవీలో చూసి గీశాడంట! జపాను వాళ్ల కార్టూనంట! నవ్వలేక చచ్చామండి. మీ రిపోర్టు చూపించాను. చేత్తో పట్టుకున్నావని సర్కారువారే రాశార్రా అంటే నోరు మూసుకున్నాడు."

రాఘవయ్య గారు ఇదంతా పక్క బల్ల నుంచి వింటున్నారు. ఫోను పెట్టగానే ఫైలు కాపీ తెప్పించి చివరి దాకా చదివారు.

"సుబ్రహ్మణ్యం గారండీ. ఈ కడపటి రెండు వాక్యాలు ఎవరడిగారండీ?"

నేను లేచి నిలబడ్డాను.

"సంతకం నాదే," అన్నారు ఆయన, ఫైలు మూస్తూ. "పదకొండు పేర్లు చూసి మురిసిపోయి కిందికి చదవలేదు. ఇద్దరికీ పిచ్చే పట్టింది."

మా పై అధికారుల్లో ఆయన్నే మంచి ఆఫీసరని ఎందుకు చెబుతానంటే, 'సంతకం నాదే' అన్న ఆ మాటకు. సంతకం నాది కాదు, కుర్రాడు రాశాడు అనేవాళ్లను తరవాత చాలామందిని చూశాను.

మంగమ్మ

మరునాడు ఉదయం ఒకామె గుడ్డసంచి పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పని అని వేళ్లు చూస్తేనే తెలుస్తుంది, కొసలు ఎర్రబడి ఉన్నాయి.

"ఇక్కడ తుపాకుల పంతులు ఎవరయ్యా?"

"నేనేనమ్మా."

పైనుంచి కింద దాకా చూసింది. "నువ్వా? మీసాలన్నా సరిగ్గా రాలేదే! మా ఆయన తుపాకులు పట్టుకున్నాడని రాసింది నువ్వేనా?"

"మీ ఆయనంటే..."

"వీరాస్వామి. తొమ్మిదేళ్లయింది మా పెళ్లయ్యి. ఆ మనిషి కోడిని కోస్తుంటే పక్కింటికెళ్లి కూర్చుంటాడు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతయ్యి. ఆయన తుపాకీ పట్టాడా? ఎవరు చూశారు? నువ్వు చూశావా?"

లేదన్నాను.

"మరి చూడనిది ఎట్టా రాశావు?"

ఇన్నేళ్ల సర్వీసులో కోర్టుల్లో పెద్ద పెద్ద వకీళ్లు నన్ను అడ్డపరీక్ష చేశారు. ఇంత సూటిగా ఒక్కడూ అడగలేదు. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. తాగి, చెప్పింది.

పొగాకు గ్రేడింగు చూడ్డానికి ఒక జపానాయన సీజనంతా కంపెనీ గెస్టుహౌసులో దిగాడు. వీరాస్వామి ఆ గెస్టుహౌసుకు రంగులు వేస్తున్నాడు. జపానాయన మధ్యాహ్నం భోంచేసి, వెంట తెచ్చుకున్న తన మిషన్లో తన దేశపు బొమ్మల క్యాసెట్టు పెట్టుకునేవాడు. వీరాస్వామి నిచ్చెన మీద నుంచి చూసేవాడు. ఒకరి మాట ఒకరికి రాదు. వీరాస్వామి నోటుబుక్కు తీస్తే, ఆయన బొమ్మను ఆపి పెట్టేవాడు, గీసుకోమని. వెళ్లిపోతూ క్యాసెట్టు ఇతనికే ఇచ్చాడు.

"ఎందుకు గీశాడమ్మా, తుపాకులు?"

"తిరునాళ్లలో బుడగలు కాల్చే కొట్టుంటది గదయ్యా, దాని బోర్డుకి. ఆ బొమ్మల్లో తుపాకులకి గాజు గొట్టాలు, లైట్లు, తీగలు తగిలించి ఉంటయ్యంట. కొట్టాయన, మనోళ్లకి తెలిసిన తుపాకులెయ్యరా అన్నాడంట. అందుకని అయ్యన్నీ పీకేసి ఉత్త తుపాకీ గీశాడు."

 ఆ అలంకారాల కింద ఏ తుపాకీ ఉందో వీరాస్వామి కనిపెట్టాడు. పుస్తకాలు లేవు, పది గుర్తుల కాగితం లేదు. నేను మూడు రోజులు చేసిన పని అతను నిచ్చెన మీద నిలబడి చేశాడు.

ఆమె సంచిలోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్‌స్పెక్టరు వేయించి చూశాడు. ఖాళీదంట. మా ఊరి వీడియో కొట్టులో కూడా చారలే వచ్చినయ్యి. కానీ ఆయన అబద్ధం చెప్పడయ్యా. చెప్పడం చేతకాదు ఆయనకి."

యాభై, అరవై

క్యాసెట్టును అరండల్‌పేటలో ఒక వీడియో కొట్టుకు తీసుకెళ్లాను. తెరనిండా నలుపు తెలుపు చారలు పైకి దొర్లుతున్నాయి.

"ఖాళీదండి," అన్నాడు కొట్టతను.

"సౌండు పెంచండి."

పెంచాడు. డప్పులు, బాకాలు, ఎవరో కుర్రాడు జపాను భాషలో గట్టిగా అరుస్తున్నాడు. ఖాళీ క్యాసెట్టు అరవదు! నేనూ అరిచాను. కొట్టులో ఉన్నవాళ్లు బయటికి నడిచారు.

విషయం ఇంతే. మన టీవీ సెకనుకు యాభైసార్లు తెర నింపుతుంది, జపానుది అరవైసార్లు. యాభై అడుగులు వేసేవాడు, అరవై వేసేవాడు చేతులు పట్టుకుని నడవాలంటే ఇద్దరూ పడతారు. ఆ చారలు ఆ పడటమే. రెండు పద్ధతులూ తెలిసిన మిషన్లు గల్ఫు నుంచి వస్తాయి. ఊళ్లో అలాంటి జత సాంబయ్య గారింట్లో ఉందని, బావమరిది కువైట్ నుంచి తెచ్చాడని కొట్టతనే చెప్పాడు.

పరిగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చి రాఘవయ్య గారికి చెప్పాను. 'అండీ' వస్తుందని చూస్తూ నిలబడ్డాను.

"రిమాండు ఎప్పటిదాకారా?"

"సోమవారం కోర్టులో పెడతారటండీ. రిపోర్టు మారకపోతే మళ్లీ పొడిగించమంటారట."

"ఇవాళ గురువారం. శనివారానికి ఆ ఇన్‌స్పెక్టర్ని రమ్మను. నోటుబుక్కు తెమ్మను. మనం తేల్చి ఆయనకి చెప్పడం కాదు, ఆయన కళ్లతోనే చూడాలి."

అద్దం మీద కాగితం

పద్ధతి ఇలా పెట్టుకున్నాం. తుపాకీ కనిపించగానే సాంబయ్య గారు బొమ్మను ఆపాలి. నేను ట్రేసింగు కాగితం టీవీ అద్దం మీద పెడతాను. అద్దంలో ఉండే కరెంటుకు కాగితం దానంతట అదే అతుక్కుంటుంది. నేను గీతలు దిద్దుతాను. ఆపిన బొమ్మను మిషను ఐదు నిమిషాలకు మించి పట్టి ఉంచదు, టక్కున వదిలేస్తుంది. గీసిన దాన్ని రాఘవయ్య గారు వీరాస్వామి బొమ్మ పక్కన పెట్టి, గొట్టాలు, లైట్లు తీసేసి, పది గుర్తులు సరిచూస్తారు. ఇన్‌స్పెక్టరు గారు సాక్షి.

ఇన్‌స్పెక్టరు గారు మొదట టోపీ తీయలేదు. కుర్చీ కొసన కూర్చుని, "కార్టూను చూడ్డానికి ఎనభై కిలోమీటర్లు వచ్చాను," అన్నారు.

బొమ్మ మొదలైంది. రంగులు చూసి నాగరత్నమ్మ గారు మంచం మీద నుంచి దిగి ముందు వరసలోకి వచ్చారు. "ఒరేయ్ సాంబా, ఆ పిల్లాడి జుట్టు నీలంగా ఉందేరా? ఏం నూనె రాశారో."

నీలం జుట్టు కుర్రాడు నడుము నుంచి ఆయుధం లాగాడు. గాజు గొట్టం, రెండు ఎర్ర దీపాలు, వెనక ఈతముల్లు లాంటి ఏరియలు. "ఆపండి!" అన్నాను. కాగితం అతికించాను. గొట్టం వదిలేసి, దీపాలు వదిలేసి, మిగిలింది దిద్దాను. రోకలి పిడి. ట్రిగ్గరు ముందు పెట్టె. రాఘవయ్య గారు నోటుబుక్కు మొదటి పేజీ పక్కన పెట్టి భూతద్దం తీశారు.

"మౌజరు. పదికి పది."

మంగమ్మ గట్టిగా తుమ్మింది. అది శుభమో అశుభమో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ వీధిలో తుమ్ము అంటే మిర్చి.

తరవాత ఓడలోకి ఒక ఇనప మనిషి వచ్చాడు. భుజం మీద బిగించిన ఆయుధం నిండా తీగలే. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి కేక వినపడింది.

"బ్రెన్! బ్రెన్ గన్నండీ అది! ట్రైనింగులో ఆర్నెల్లు మోశాను దాన్ని!" ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడ్డారు. టోపీ ఎప్పుడు తీశారో తెలియదు, అది పకోడీల పక్కన ఉంది.

"ఆ డబ్బా మనిషి మంచోడల్లే ఉన్నాడు," అన్నారు నాగరత్నమ్మ గారు. "పాపం, అంత బరువు పెట్టారు వాడి మీద."

అక్కణ్ణుంచి గది గదిలా లేదు, తిరునాళ్లలా ఉంది. ఎవరు ముందు కనిపెడతారా అని పందెం. ముసలి కెప్టెను నడుములో వెబ్లీ రివాల్వరును ఇన్‌స్పెక్టరు గారే పట్టారు. వంటవాడి చేతిలో థామ్సన్ నాది. నెత్తిన పళ్లెమున్న లూయిస్ గన్ను సాంబయ్య గారు "మా అప్పడాల పీటలా ఉంది" అంటే దొరికింది. ఒకసారి నేను గీస్తుండగా తుమ్ము వచ్చి, ఏకే మ్యాగజీను అంగుళం పొడుగైపోయింది. మళ్లీ వెనక్కి తిప్పి గీశాం. కిటికీలో ఇరుగుపొరుగు చేరారు. వాళ్లకు ఇన్‌స్పెక్టరు గారే కథ చెబుతున్నారు, ఒక్క జపాను ముక్క రాకుండా.

నాలుగు గంటలకు పది తుపాకులూ తేలాయి. తలా పది గుర్తులు. మళ్లీ నూరింటికి నూరు.

పదకొండోది

రైఫిలు సినిమా పొడుగునా ఉంది. నీలం జుట్టు కుర్రాడు గుట్ట వెనక నుంచి కాలుస్తూనే ఉంటాడు. ఎన్నిసార్లు ఆపినా బోల్టు పిడి కుడి పక్కనే. వీరాస్వామి బొమ్మలో ఎడమ పక్కన. క్యాసెట్టు అయిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. కుడి. కుడి. కుడి.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన నవ్వు తగ్గింది, టోపీ మళ్లీ చేతిలోకి వచ్చింది.

"పది ఇందులోవే, ఒప్పుకుంటున్నాను. పదకొండోది ఇందులో లేదు. మరి అది వాడు ఎక్కడ చూశాడండీ? మీరే రాశారు గదా, పుర్రచేతివాడి కోసం మార్చిందని. అలాంటిది బయట ఎక్కడో ఉంది. పది చూపించి పదకొండోది దాచాడు."

నేను రాసిన వాక్యం నాకే అడ్డం తిరిగింది. మంగమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టీవీ వైపు చూస్తోంది.

సాంబయ్య గారు ఊరికే మిషను నొక్కారు. మూడోసారి బొమ్మలు పరిగెడుతున్నాయి.

"అదేంట్రా, ఇందాక వాడి తొడుగు ఎడమ చేతికుందిగా?" అన్నారు నాగరత్నమ్మ గారు. "ఇప్పుడు కుడి చేతికి వచ్చిందేం?"

"ఏ తొడుగమ్మా?"

"ఒంటి చేతికి తోలు తొడుగు వేసుకుంటాడు గదరా పిల్లాడు. మొదట్నుంచీ ఎడమ చేతికే. ఇప్పుడు మారింది. అదిగో, మళ్లీ ఎడమకొచ్చింది. వీళ్లు ఆ మాత్రం చూసుకోవద్దూ?"

"వెనక్కి!" అని నేను, రాఘవయ్య గారు, ఇన్‌స్పెక్టరు గారు ఒకేసారి అరిచాం.

రెండు సెకన్ల ముక్క అది. కన్ను ఆర్పితే పోతుంది. నాలుగోసారికి సాంబయ్య గారు దాన్ని పట్టుకున్నారు. తొడుగు కుడి చేతికి. జుట్టు పాపిడి అవతలి పక్కకు. రైఫిలు బోల్టు ఎడమకు, సరిగ్గా మాకేసి చూస్తూ. బొమ్మలు గీసేవాళ్లు పని తగ్గించుకోవడానికి పాత బొమ్మనే తిరగేసి వాడుకున్నారు. ప్రపంచం మొత్తం అద్దంలోకి వెళ్లి వచ్చింది, రెండు సెకన్లు. జపానాయన సరిగ్గా అక్కడే ఆపి పెట్టాడు. వీరాస్వామి కనిపించింది కనిపించినట్టు గీశాడు.

రాఘవయ్య గారు ఆ ముక్క మీద నేను దిద్దిన ట్రేసింగు కాగితాన్ని తిరగేసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు. మామూలు త్రీ నాట్ త్రీ, మనకు అందరికీ తెలిసినదే.

గది ఎగిరిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు నాగరత్నమ్మ గారి రెండు చేతులూ పట్టుకుని ఊపుతున్నారు. సాంబయ్య గారు కిటికీలోంచి వీధికంతా పకోడీలు పంచారు. మంగమ్మ ఏడుస్తోందో తుమ్ముతోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను.

రాఘవయ్య గారు ఒక్కమాట అన్నారు. "తుపాకీని చూశాం గానీ, పట్టుకున్న చేతిని చూడలేదురా."

నిజం. రెండుసార్లు సినిమా చూసి నేను కుర్రాడి ముఖం కూడా గమనించలేదు. తుపాకీ మీదే ఉండిపోయాను. అసలు మొదటిసారి నోటుబుక్కు చూసినప్పుడే కాగితం తిరగేసి చూడవలసింది. ఒక్క క్షణం పని. చూడలేదు, ఎందుకంటే గీసినవాడు అసలు తుపాకీ చూసే గీశాడని అప్పటికే తీర్మానించేశాను. ఉన్నది ఉన్నట్టు గీశాడని నమ్మాక, బొమ్మ తిరగబడి ఉంటుందని ఎవరికి తోస్తుంది? ఈ ఉద్యోగంలో తెలియకపోవడం వల్ల జరిగే తప్పులు తక్కువ. తెలిసిందన్న సంబరంలో జరిగేవే ఎక్కువ. అయినా సంబరపడొద్దని చెప్పను. అది లేనివాడు ఈ పనిలో నాలుగు రోజులు ఉండలేడు. సంబరపడండి, బల్ల మీద గుద్దండి, ఎగరండి. రిపోర్టులో మాత్రం అడిగింది రాసి పెన్ను మూత పెట్టండి.

రెండో రిపోర్టు

ఆదివారం ఆఫీసు తెరిపించుకుని రాశాను. మొదటి రిపోర్టులో చివరి రెండు వాక్యాలు తప్పు అని నా చేత్తోనే రాయమన్నారు రాఘవయ్య గారు. మెత్తటి మాటలు మూడు రకాలుగా రాసి చూపించాను. మూడూ కొట్టేసి, "తప్పు అనే మాటకి ఇంకో మాట లేదురా" అన్నారు. ఈసారి కడదాకా చదివి సంతకం పెట్టారు. పుర్రచేతివాళ్ల జాబితాను ఇన్‌స్పెక్టరు గారు నా ఎదుటే చించారు. ఒకటి మాత్రం ఆయన గురించి చెప్పాలి: సోమవారం కోర్టులో ఆయన మాకన్నా ముందే లేచి, తన అనుమానం నిలవలేదని చెప్పారు. అంత వేడుకగా తప్పు ఒప్పుకున్న పోలీసును నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం సబ్‌జైలు ముందు నేను, మంగమ్మ నిలబడ్డాం. క్షమాపణ ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. వీరాస్వామి బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, గోళ్లలో ఇంకా నీలం రంగు. మంగమ్మ నన్ను చూపించి, "ఈయనేనయ్యా రాసింది" అంది.

అతను చేతులు జోడించాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయ్యగారూ, నా బొమ్మలు చూసి, చేత్తో పట్టుకోకుండా ఇంత బాగా గియ్యలేరని రాశారంట గదండీ? లోపల అందరికీ చెప్పానండి. వార్డరు గారు కూడా తన బొమ్మ గీయించుకున్నారు."

నేను కూడబలుక్కున్నదంతా పోయింది.

"బాగా గీశావనే లోపలేశారు," అంది మంగమ్మ. "ఇక పద. బస్సు పోద్ది."

వాళ్లు బస్సు ఎక్కాక, రిమాండు కాగితాల మీద తేదీలు లెక్కపెట్టాను. వీరాస్వామి లోపల ఉన్నది పంతొమ్మిది రోజులు.